ఓటీపీలన్నీ ఒక్క ఫోన్‌కే

ఉత్తర తెలంగాణలో ఒక వ్యాపారి ఎంత టెన్షన్‌తో బతుకుతున్నాడో తెలియాలంటే రోజుకు ఎన్ని గంటలు పని చేస్తాడని అడగనక్కర్లేదు. ఆయన సంస్థకు వచ్చే ఓటీపీలు ఎవరి ఫోన్‌కు వస్తున్నాయో అడిగితే చాలు. బ్యాంకు చెల్లింపు, జీఎస్టీ రిటర్ను, ఈ-వే బిల్లు లాగిన్, పీఎఫ్ చలానా, అన్నిటికీ ఒకటే నంబరై, ఆ నంబరున్న ఫోను సేటు జేబులోనే ఉంటే, ఆయన పెళ్లిలో ఉన్నా, గుళ్లో ఉన్నా, ఆస్పత్రి మంచం మీద ఉన్నా డ్యూటీలో ఉన్నట్టే లెక్క.

వర్క్‌లైఫ్ బ్యాలెన్స్ మీద మన దగ్గర జరిగే చర్చంతా గంటల చుట్టే తిరుగుతోంది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పని చేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ మాట 90 గంటల దాకా వెళ్లింది. రెండుసార్లూ టీవీల్లో రోజుల తరబడి అదే గోల. హనుమకొండలో బట్టల దుకాణం నడిపేవాళ్లకు ఈ గోల వింతగానే ఉండి ఉంటుంది. ఉదయం పదింటికి షట్టరెత్తి రాత్రి పదింటికి దించితే, ఎవరూ ఉపదేశం చేయకుండానే వారానికి 84 గంటలవుతాయి. ఆ చర్చలో ఈ యజమాని లేడు. చట్టంలోనూ లేడు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం పనివాళ్లకు గంటలు కట్టింది. వారానికి 48 గంటల పరిమితి ఉంచుతూనే దుకాణాలు కాని వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని 2025 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. గల్లా దగ్గర కూర్చునే మనిషికి మాత్రం ఏ పరిమితీ లేదు. ఉండాలని ఆయనా అడగడు.

గంటలు పట్టించుకోనక్కర్లేదని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పని చేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్, 31 కోట్ల పైచిలుకు మందికి బీపీ ఉన్నాయని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం తేల్చింది. మధ్యాహ్నం మూడింటికి టిఫిన్ బాక్సు తెరిచి, రాత్రి పదకొండింటికి అన్నం తిని, పగలంతా చాయ్ మీద నెట్టుకొచ్చే వ్యాపారి ఈ లెక్కలో ఎటువైపుంటాడో డాక్టరు చెప్పాల్సిన పని లేదు.

అయితే ఈ ప్రాంతంలో వ్యాపారాన్ని రోజు లెక్కన చూస్తే సగమే అర్థమవుతుంది, ఏడాది లెక్కన చూడాలి. దసరా దాటిన దగ్గర్నుంచి సంక్రాంతి వెళ్లేదాకా పత్తి. జమ్మికుంట, ఎనుమాముల, ఆదిలాబాద్ చుట్టుపక్కల, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులకు ఆ మూడు నాలుగు నెలల్లో రాత్రీ పగలూ తేడా ఉండదు. ఫిబ్రవరి నుంచి మే దాకా వరంగల్లో మిర్చి, దాదాపు అదే కాలంలో నిజామాబాద్‌లో పసుపు. వానాకాలం వడ్లు ఒకసారి, యాసంగి వడ్లు ఇంకోసారి, పెద్దపల్లి, కరీంనగర్ మిల్లుల మీద వచ్చి పడతాయి. ఆ రోజుల్లో సాయంత్రం ఆరింటికి ఇంటికి వెళ్లమని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకుంటారు, అందులో తప్పేమీ లేదు. రైతు కూడా నాట్లప్పుడు, కోతలప్పుడు నడుం వాల్చడు. నాలుగు నెలలు ఉరికి, రెండు నెలలు తీరిగ్గా ఉంటే ఒళ్లు తట్టుకుంటుంది. పాతతరం వ్యాపారులు బతికింది అలాగే.

ఇప్పుడు పోయింది ఆ తీరికే. సీజన్ అయిపోతే వసూళ్లు మొదలవుతాయి, అవి ముందూ ఉన్నవే. వాటికి తోడు క్యాలెండరు మారింది. 7వ తేదీ టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న జీఎస్టీఆర్-3బీ, ఇలా ప్రతి నెలా గడువులే. మూడు నెలలకోసారి అడ్వాన్సు ట్యాక్సు, సెప్టెంబరులో ఆడిట్. ఈ తేదీలకు అమావాస్య లేదు, ఆషాఢం లేదు. ఆషాఢం అంటే గుర్తొచ్చింది, బట్టలకూ బంగారానికీ గిరాకీ పడిపోయి యజమానులు ఊపిరి పీల్చుకునే నెల అది. దాన్ని కూడా డిస్కౌంట్ సేల్ పేరుతో సీజన్‌లో కలిపేసుకున్నది వ్యాపారులే.

ఇక ఓటీపీల సంగతి. సుల్తానాబాద్ దగ్గర ఒక బాయిల్డ్ రైస్‌మిల్లు అనుకుందాం. యజమాని దగ్గరి చుట్టాల పెళ్లిలో బంతిలో కూర్చున్నాడు. విస్తట్లో పప్పు పడేసరికి మిల్లు నుంచి ఫోను: తవుడు లోడైంది, ఈ-వే బిల్లు తీయాలి, ఓటీపీ చెప్పండి. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు లేకుండా లారీ గేటు దాటకూడదు. 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ ఆ పోర్టల్లో రెండంచెల లాగిన్ తప్పనిసరైంది. ఎడం చేత్తో ఫోను పట్టుకుని ఆరంకెలూ చదివి చెప్తాడు. రాత్రి పదకొండింటికి మళ్లీ ఫోను. ఈసారి డ్రైవరు: సూర్యాపేట దగ్గర టైరు పేలింది. బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పునే గడువు. దాటిపోతే, గడువుకు ముందో వెనకో ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవాలి. మళ్లీ లాగిన్, మళ్లీ ఓటీపీ. గంటల లెక్కలో ఈ రెండు ఫోన్లూ కలిపి ఐదు నిమిషాల పని. పెళ్లిభోజనం, రాత్రి నిద్ర రెండూ పాడయ్యాయి.

దీనికి విరుగుడు ఎప్పటినుంచో ఉంది. ఈ-వే బిల్లు పోర్టల్లో సబ్ యూజర్లను పెట్టుకోవచ్చు, వాళ్ల ఓటీపీ వాళ్ల ఫోన్‌కే వెళ్తుంది. జీఎస్టీలో ఒకరికంటే ఎక్కువ మందిని అధీకృత సంతకందారులుగా చేర్చొచ్చు. బ్యాంకులో కరెంటు ఖాతాకు, ఒకరు చెల్లింపు నమోదు చేస్తే ఇంకొకరు ఆమోదించే పద్ధతి ఉంది, ఫలానా మొత్తం దాకా గుమస్తా, ఆపైన యజమాని అని గీత గీసుకోవచ్చు. పెద్ద ఖర్చేమీ కాదు. ఆడిటరు దగ్గర ఒక పూట కూర్చుంటే అయ్యే పని.

అయినా చేయరు. బద్ధకం కొంత, భయం ఎక్కువ. గుమస్తాగా చేరి, పార్టీలను, రేట్లను తెలుసుకుని, సొంతంగా అడ్తి (కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే దుకాణం) పెట్టుకోవడం మార్కెట్‌లో పాత బాటే. ఇవాళ గుమస్తాను అనుమానించే సేటు తండ్రి కూడా ఒకప్పుడు ఆ బాటలోనే వచ్చి ఉండొచ్చు. కాబట్టి లోగుట్టు చేయి దాటకూడదు. ఇందులో న్యాయం లేకపోలేదు కానీ, ఎంత న్యాయమో కొలుచుకోవాలి. తవుడు లోడుకు ఈ-వే బిల్లు తీయడంలో దాచుకోవాల్సిన గుట్టు ఏముంది? రేటు ఎంతకు మాట్లాడాలన్నది గుట్టు. ఏ పార్టీకి ఎన్ని రోజుల ఉద్దెర ఇవ్వాలన్నది గుట్టు. ఈ రెండూ, ఆ లోడూ ఒకే తాళం కింద పెట్టడం వల్లే మనిషి అరిగిపోతున్నాడు.

ఇక్కడ లండన్‌లో జరిగిన ఒక పాత పరిశోధన పనికొస్తుంది. అక్కడి ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో, గుండెజబ్బు చావులు పై అధికారుల్లో కంటే కింది ఉద్యోగుల్లో ఎక్కువని తేలింది. బాధ్యత ఎక్కువున్నవాడికే గుండెపోటు అన్న నమ్మకం దానితో తలకిందులైంది. పని మీద పట్టు లేకపోవడం ఒంటికి ఎక్కువ చేటు అన్న వాదన ఆ తర్వాతి పరిశోధనల్లో బలపడింది. ఆ లెక్కన యజమానులు హాయిగా ఉండాలి కదా, పట్టంతా వాళ్లదే.

చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ అసలైనవేవీ వాళ్ల చేతిలో ఉండవు. జిన్నింగు మిల్లు యజమాని చేతిలో పత్తి ధర లేదు. 2025-26కు పొడవు పింజ పత్తికి క్వింటాలు మద్దతు ధర 8,110 రూపాయలు, కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ 12 శాతం తేమ దాకానే కొంటుంది, వాన పడితే ఆ తేమ ఎవరి మాటా వినదు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానకు హనుమకొండ, వరంగల్ కాలనీలే మునిగాయి. బియ్యం మిల్లులో ఉన్న వడ్లు మర పట్టమని సర్కారు ఇచ్చినవి. పచ్చిబియ్యమైతే క్వింటాలుకు 67 కిలోలు తిరిగి అప్పజెప్పాలి, తీసుకునే గోదాములో జాగా ఉందా లేదా అన్నది మిల్లరు చేతిలో లేదు. మిర్చి ఖరీదుదారు పొద్దున యార్డులో జరిగే జెండా పాటలో, అంటే వేలంలో, ఎంత పలుకుతుందో ముందు చెప్పలేడు. సిరిసిల్లలో మరమగ్గాల యజమాని ప్రభుత్వ ఆర్డరు కోసం చూస్తుంటాడు. హనుమకొండలో నర్సింగ్ హోం నడిపే డాక్టరు ఆరోగ్యశ్రీ బకాయిల కోసం చూస్తుంటాడు. పెద్దవేవీ చేతిలో లేవు, అందుకే చిన్నవాటిని చెయ్యి దాటనివ్వరు. చాయ్ బిల్లు దగ్గర్నుంచి చెక్కు దాకా తానే చూసుకోవాలన్న పట్టుదలను క్రమశిక్షణ అనుకుంటాం. చాలామందిలో అది, మిగతాదేదీ చేతిలో లేదన్న బెంగకు ఇంకో రూపం.

ఉద్దెర ఈ బెంగకు పుట్టిల్లు. సరుకు ఇచ్చింది ఇవాళ, పైసలు వచ్చేది పంట చేతికొచ్చాకో, పార్టీకి బుద్ధి పుట్టాకో. చట్టం లేకపోలేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువుకు, ఎంతైనా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో సొమ్ము ముట్టాలి, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆ గడువులో ఇవ్వకపోతే కొన్నవాడికి ఆదాయపు పన్నులో ఆ ఖర్చు, సొమ్ము చెల్లించిన ఏడాదిలోనే లెక్కకు వచ్చేలా 2023 బడ్జెట్‌తో నిబంధన కూడా తెచ్చారు. కానీ ఈ రక్షణ తయారీ, సేవల సంస్థలకే; కొని అమ్మే వర్తకులకు వర్తించదు. అంటే మిల్లుకు ఉంది, అడ్తికి, దుకాణానికి లేదు. ఉన్నవాళ్లు కూడా ఫిర్యాదు చేయరు, రేపు మళ్లీ ఆ పార్టీకే సరుకు అమ్మాలి.

ఉద్దెర మీద నడిచే బజారులో మనిషి ఒళ్లే పూచీకత్తు. బయట అంతగా మాట్లాడుకోరు కానీ, వ్యాపారులు డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్లడానికి ఒక పెద్ద కారణం ఇదే. 'ఫలానా ఆయనకు గుండె ఆపరేషనట' అన్న మాట మార్కెట్‌లో పడితే, పరామర్శకు వచ్చేవాళ్లకంటే ముందు బాకీ అడిగేవాళ్లు వస్తారు. సరుకు ఇచ్చే పార్టీ ముప్పై రోజుల గడువును పదిహేనుకు కోస్తుంది. ఇవ్వాల్సినవాళ్లు మాత్రం 'కోలుకున్నాక మాట్లాడుదాం లెండి' అంటారు, మర్యాదగానే. అందుకే స్టెంటు హైదరాబాద్‌లో వేయించుకుని, ఊళ్లో 'తిరుపతి పోయొచ్చిన' అని చెప్పేవాళ్లుంటారు. గుండె సంగతే ఇలా ఉంటే మనసు సంగతి చెప్పేదేముంది? నిద్ర పట్టడం లేదని సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే ఎవరైనా చూస్తారేమోనని జంకు. పని ఒత్తిడి ముదిరి మనిషిని డీలా చేసే స్థితిని, అంటే బర్నౌట్‌ను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పనికి సంబంధించిన పరిణామంగా గుర్తించింది, జబ్బుల జాబితాలో మాత్రం పెట్టలేదు. సహాయానికి 2022 అక్టోబరు నుంచి టెలిమానస్ ఉంది, నంబరు 14416. ఎవరి కంటా పడకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు కాబట్టి, పరువుకు వెరిచేవాళ్లకు ఇది నిజంగా పనికొచ్చే దారి. మానసిక జబ్బులకు కూడా మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. పాలసీ పత్రంలో ఆ పేజీ దాకా వెళ్లేవాళ్లు తక్కువ.

వాకింగ్‌కు లోటేమీ లేదు. పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద, భద్రకాళి బండ్ మీద, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడిచేవాళ్లలో వ్యాపారులు చాలామందే. నడుస్తున్నంత సేపూ చెవిలో ఫోను, నోట్లో రేట్లు. కాళ్లకు వ్యాయామం అవుతుంది.

ఆడవాళ్ల సంగతి ఇంకో తీరు. రుణాల్లో రాయితీ కోసమో, పన్ను లెక్క కోసమో సంస్థను భార్య పేరు మీద పెట్టడం మన దగ్గర మామూలే. చిన్న సంస్థలకు సర్కారిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్‌లో యజమాని ఆమె, ఓటీపీ వచ్చే ఫోను ఆయనది. ఖాళీ చెక్కుల మీద సంతకాలు ఆమెవి. చెక్కు బౌన్సయితే నోటీసు ఆమె పేరుతోనే వస్తుంది, కేసు రుజువైతే రెండేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. పెత్తనం లేదు, పూచీ మాత్రం ఉంది. వైట్‌హాల్ లెక్కలో అన్నిటికంటే చెడ్డ కుర్చీ ఇదే. నిజంగా తామే నడిపే మహిళలకు, బొటిక్ కానీ స్కూలు కానీ క్యాటరింగ్ కానీ, దుకాణం కట్టేశాక వంటింటి షిఫ్టు మొదలవుతుంది. మగ యజమానికి చెప్పే 'ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో' అన్న సలహా వాళ్ల దగ్గర పని చేయదు.

అన్నీ ఒక్క మనిషి దగ్గరే ఉంటే, ఆ మనిషి పోయిన రోజున ఏమవుతుంది? ఈ ప్రశ్న అశుభమని దాటేస్తారు. కానీ రాత్రి నిద్ర పట్టనివ్వని వాటిలో ఇది ముందుంటుంది. సొంత పేరు మీద నడిచే సంస్థ అయితే యజమానితోనే ఆగిపోతుంది. వారసులు కొత్తగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని, పాత ఖాతాలో మిగిలిన, కొనుగోళ్ల మీద ముందే కట్టిన పన్ను తాలూకు ఇన్‌పుట్ క్రెడిట్‌ను ఐటీసీ-02 ఫారంతో మార్పించుకోవాలి. కొడుక్కు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చినవాడు పోగానే చెల్లదు, ఇది తెలియక ఇబ్బంది పడే కుటుంబాలు ఎన్నో. భాగస్వామ్య సంస్థ అయితే, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే 1932 చట్టం ప్రకారం ఒకరి మరణంతో రద్దవుతుంది. ఇద్దరన్నదమ్ములే భాగస్వాములైతే ఏం రాసుకున్నా మిగిలినవాడు ఒక్కడే, ఒక్కడితో భాగస్వామ్యం ఉండదు. సొంత పేరు మీద నడిచే సంస్థ కరెంటు ఖాతాకు నామినీని పెట్టొచ్చన్నది కూడా చాలామంది పట్టించుకోరు. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను రాసుకునే వీలొచ్చింది. ఇక చిట్టాలో రాయని బాకీలు. ఎవరికెంత ఇచ్చాడు, ఎవరి దగ్గర ఎంత తెచ్చాడు, చిట్టీ ఎన్ని వాయిదాలు మిగిలింది, ఇవన్నీ తలలోనే ఉంటే ఆ తలకు నిద్ర ఎలా పడుతుంది? ఒక నోటుబుక్కులో రాసి, అది ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికి చెప్పడం చేసే మేలు యోగా క్లాసుతో కాదు. యోగా మంచిదే, దాని సంగతి వేరు.

పిల్లల చదువుల కోసం కుటుంబం హైదరాబాద్‌లో, వ్యాపారం కోసం తండ్రి వరంగల్‌లో ఉండే ఇళ్లు కూడా పెరిగాయి. శనివారం రాత్రి గల్లా కట్టేసి హైవే ఎక్కడం, సోమవారం తెల్లవారకముందే తిరుగు ప్రయాణం. పిల్లలకు నాన్న వారానికోసారి వచ్చే చుట్టం. ఆ పిల్లలు పెద్దయ్యాక ఉద్యోగంలో చేరి, శని ఆదివారాలు సెలవు చూసి, దుకాణం వద్దంటారు. అప్పుడు తండ్రికి బాధ.

ఇంతకీ ఈ ప్రాంతంలో ఏ సెలవు నిజంగా సెలవులా ఉంది? అందరూ ఒకేసారి మూసే సెలవు. ఎనుమాముల యార్డుకు శని, ఆదివారాలు సెలవు. సోమవారం సరుకు ముంచెత్తుతుందని తెలిసినా ఆ రెండు రోజులు అడ్తిదారుకు, ఖరీదుదారుకు, సరుకు తూచే దడవాయికి, హమాలీకి అందరికీ వర్తిస్తాయి. దసరాకు అంతే. రెండేళ్లకోసారి మేడారం జాతరకు వరంగల్ బజారు సగం అడవిలోనే ఉంటుంది. ఆ రోజుల్లో దుకాణం మూసినవాడికి గిరాకీ పోయిందన్న బెంగ ఉండదు, ఎందుకంటే ఎదురు దుకాణం కూడా మూసే ఉంది. ఒక్కడే ఆదివారం మూస్తే గిరాకీ పక్క దుకాణానికి మళ్లుతుంది. కాబట్టి విశ్రాంతిని ఒక్కొక్క యజమాని మనోబలానికి వదిలేస్తే అది జరిగే పని కాదు.

దుకాణాల చట్టంలో వారపు సెలవు ఉంది. కానీ 2023 ఏప్రిల్‌లో ప్రభుత్వం, రుసుము కట్టి షరతులకు ఒప్పుకుంటే 24 గంటలూ తెరుచుకోవచ్చని వీలిచ్చింది. నైట్ షిఫ్టుకు మనుషులను పెట్టుకోగల పెద్ద సంస్థకు అది సౌకర్యం. తానే గల్లా మీద కూర్చునే చిన్న యజమానికి పోటీ ఇంకా పెరిగింది. ఆన్‌లైన్ అమ్మకాలకు షట్టరే లేదు. కాబట్టి ఇప్పుడు బరువంతా వర్తక సంఘాల మీదే పడుతుంది. పన్నుల మీద, పార్కింగ్ మీద వినతిపత్రాలిచ్చే సంఘాలు దుకాణాలు మూసే వేళను కూడా ఎజెండాలో పెట్టొచ్చు. రాత్రి తొమ్మిదికి మూద్దామనో, సీజన్ కాని నెలల్లో ఆదివారం బంద్ అనో బజారు వారీగా, సరుకు వారీగా తీర్మానం చేసుకోవచ్చు. ఆస్పత్రులకు ఇది కుదరదు, అక్కడ నలుగురు డాక్టర్లు కలిసి వంతులు వేసుకోవడమే మార్గం. తీర్మానాలు చేసినా ముందుగా గీత దాటేది బజారులో అందరికంటే పెద్ద షోరూమే, మిగతావాళ్లు ఆ షట్టరు వైపే చూస్తుంటారు. అందుకే జరిమానా ఎంతో తేల్చే ముందు, ఆ షోరూం యజమానిని తీసుకొచ్చి కమిటీలో కూర్చోబెట్టాలి.